కడపకు పగిలిన చక్రంతో

ముందే ఒప్పుకుంటే మిగతాది రాయడం సులువవుతుంది. కడపలో ఆ పొద్దున, నాకు నిజం చెప్తున్న ఒక పెద్దాయన్ని నలుగురి ముందు మోసగాడు అన్నాను. అంతటితో ఆగి ఉంటే అది నా ఒక్కడి తప్పుగా మిగిలేది. పక్కన తన మానాన తాను టీ తాగుతున్న ఇంకొకాయన్ని కూడా చెయ్యి పట్టుకుని లేపి, నా వెంట తీసుకుపోయాను. నేను కర్నూల్లో ఒక కాలేజీలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెప్తున్నాను. ఆయన నా మాట నమ్మడానికి కారణం అదొక్కటే.

కర్నూలు నుంచి కడప దాకా ఉన్న దారి చాలామంది నిద్రలో దాటేస్తారు. నేను ఒళ్లో ఒక కారు చక్రం పెట్టుకుని దాటాను కాబట్టి కాస్త మెలకువగా చూశాను. ఆ దారి ఎరగనివాళ్ల కోసం రాస్తున్నాను.

కర్నూలు

కారు నా భార్య వనజది. కోడుమూరు దగ్గర ఒక ఊళ్లో టీచరు ఆమె. జీతంలో మిగిల్చుకున్న డబ్బుతో సెకండ్ హ్యాండులో కొనుక్కుంది. ఆ కారు చేసిన కంపెనీ ఈ దేశంలో కార్లు అమ్మడం ఎప్పుడో మానేసింది. అందుకే చవకగా వచ్చింది, అందుకే తర్వాత తిప్పలు పెట్టింది.

ఒక ఆదివారం నేను ఆ కారు తీసుకుని నంద్యాల చెక్‌పోస్టు దాటాక, ఎవరో పంపిన పెళ్లి ఫొటో ఫోనులో చూస్తూ పోయి గుంతలో దించాను. ఎడమవైపు రెండు చక్రాలూ పగిలాయి. అల్లాయ్ చక్రాలు చూడటానికి ఎంత అందమో పగలడానికి అంత తొందర. స్టెప్నీ ఒకచోట వేసి, రెండోచోట ఇటుకలు పేర్చి కారును ఇంటి ముందు నిలబెట్టాం. వనజ నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు తెల్లవారి ఆరు గంటల బస్సుకు పోయింది. బస్సు దిగి ఆటో, ఆటో దిగి నడక. ఒక మాట అని ఉంటే నేను రెండు మాటలు అని సరిపెట్టుకునేవాణ్ణి.

చక్రాన్ని బండికి పట్టి ఉంచేవి నాలుగు బోల్టులు. ఆ నాలుగు రంధ్రాలూ ఒక వృత్తం మీద ఉంటాయి. ఆ వృత్తం వ్యాసం కలిస్తేనే చక్రం కూర్చుంటుంది. చిన్న కార్లలో చాలావాటికి అది వంద మిల్లీమీటర్లు. నేను ఇంట్లో స్కేలు పెట్టి కొలిస్తే తొంభై ఎనిమిది వచ్చింది. మా అబ్బాయి చిన్నప్పటి ప్లాస్టిక్ స్కేలు అది, అంచు అరిగిపోయింది. వృత్తాల గురించి పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి నేను స్కేలును అనుమానించి, కాగితం మీద "వంద" అని రాసి జేబులో పెట్టుకున్నాను. నా విద్యార్థి ఎవడైనా ఆ పని చేసి ఉంటే బెంచీ ఎక్కించేవాణ్ణి.

కర్నూలు టైర్ల కొట్లలో ఆ కంపెనీ పేరు చెప్పగానే పోయినవాళ్ల గురించి మాట్లాడే గొంతు పెట్టారు. ఆన్‌లైన్‌లో స్టాకు లేదు. కాలేజీకి రెండు రోజులు సెలవు పెట్టి, పగిలిన చక్రాల్లో ఒకదాన్ని నమూనాగా యూరియా సంచిలో వేసుకుని బస్సెక్కాను.

సంచిలో ఏముందని కండక్టరు అడిగాడు. చక్రమన్నాను.

"బస్సుకి ఆరుండాయి కదప్పా. నువ్వింకోటి యాల తెస్తివి?"

బస్సంతా నవ్వింది. నవ్వించినందుకు లగేజీ టికెట్టు మాఫీ చేశాడు.

నంద్యాల

బస్టాండు ఎదుట బొరుగుల ఉగ్గాని, రెండు బజ్జీలు నలభై రూపాయలు. మా కర్నూల్లో ఉగ్గాని మీద పుట్నాల పొడి వేలికి అంటేటట్టు చల్లుతారు. ఇక్కడ పొడి తక్కువ, నిమ్మకాయ ఎక్కువ. బజ్జీలో మిరపకాయ మాత్రం మాదానికంటే నిజాయితీగా ఉంది. ఒకటి తిని రెండోది కాగితంలో చుట్టుకున్నాను.

పాత ఇనుము అమ్మే సందులో మూడు కొట్లు తిరిగాను. కార్ల చక్రాలు ముసలితనంలో ఏమవుతాయో అక్కడ చూశాను. ఒకటి నీళ్ల డ్రమ్ముకు మూత, ఒకటి గొడుగు కింద దిమ్మె, ఇంకొకదానిలో కొట్టాయన నిప్పులేసుకుని మొక్కజొన్న కాలుస్తున్నాడు. నా చక్రం చూసి తల ఊపాడు.

"ఈ కంపెనోళ్లు దేశం ఇడ్సిపెట్టి పోయినారు సారూ. నువ్వింగా పట్టుకోనుండావు."

కారు తూకానికి ఇస్తే మంచి రేటు ఇస్తానన్నాడు. అది నా భార్య కారని కొంచెం గట్టిగానే చెప్పాను. అయితే ఆమెనే పంపించు, ఆమెతో మాట్లాడతానన్నాడు. చివరికి జాలిపడి, కడపలో రాయచోటి రోడ్డు మీద గఫార్ సాయిబు అని ఒకాయన ఉన్నాడనీ, ఇలాంటి దిక్కులేని చక్రాలన్నీ ఆయన అటక మీదే చేరతాయనీ చెప్పాడు. మొక్కజొన్న కంకి ఒకటి చేతిలో పెట్టి డబ్బులు వద్దన్నాడు.

ఆళ్లగడ్డ

ఆళ్లగడ్డ బస్టాండులో, అహోబిలం నరసింహస్వామిని చూసి దిగిన యాత్రికులు నా పక్కన కూర్చున్నారు. ఒక అవ్వ సంచిని వేలితో పొడిచి, లోపలేముందో చూపించమంది. చూపించాను. మా ఊరి పక్క అవ్వలు ఇలాంటివి చూస్తే ఎంతకు కొన్నావని అడుగుతారు. ఈమె వేరే లెక్కలో ఉంది.

"మా సామికి గోర్లుంటే చాలునాయనా. చక్రం నువ్వే పెట్టుకో" అని లడ్డూ సగం విరిచి ఇచ్చింది.

వనజ చెల్లెలు రమ ఇల్లు ఆ ఊళ్లోనే. రాత్రికి అక్కడ దిగాను. రాగి సంగటి, ఊరిమిండి అనే చెనిక్కాయల పచ్చడి, గడ్డ పెరుగు. రమ పెరుగు రెండోసారి వేస్తూ, "అక్క ఫోన్ చేసింది బావా. మీకు పెరుగు ఎక్కువేయమన్యాది, చక్రం సంగతి అడగొద్దన్యాది" అంది. అడగలేదు కూడా. అడిగి ఉంటే ఆ రాత్రి సంగటి ఇంకొంచెం సులువుగా దిగేది.

కడప

కడపలో కారం దోసె యాభై రూపాయలు. ఎర్రకారం పూసి పైన పప్పుల పొడి చల్లుతారు. మా వైపు కారం నాలుక మీద ఆగుతుంది, ఇక్కడిది చెవుల దాకా పోతుంది. నీళ్లు అడిగితే హోటలాయన మజ్జిగ ఇచ్చి, "కర్నూలా?" అన్నాడు. ఎలా తెలిసిందంటే, కడపోళ్లు రెండోది చెప్పినాక నీళ్లడుగుతారన్నాడు.

గఫార్ సాయిబు కొట్టంటే రేకుల షెడ్డు. నేల మీద టైర్లు, పైన చెక్క అటక, అటక నిండా చక్రాలు. ఆయనకు డెబ్బై ఉంటాయి. కళ్లజోడు దారంతో మెడకు వేలాడుతోంది. అటక మీద ఆయన అల్లుడు ఖాజా వెతుకులాటలో ఉన్నాడు. మా కర్నూల్లో ముందు రేటు మాట్లాడి తర్వాత టీ ఇస్తారు. ఇక్కడ టీ అయ్యేదాకా రేటు అడిగితే మర్యాద కాదు.

నాకంటే కొంచెం వెనకగా ఒకాయన వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. పేరు ఓబుళరెడ్డి, వేంపల్లె దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. ఆయనదీ ఆ దేశం వదిలిన కంపెనీ కారే. రెండు చక్రాలు వంగిపోయి, దడదడలాడించుకుంటూ కొట్టు దాకా తెచ్చాడు. భార్య కారులోనే కూర్చుంది. రాయచోటిలో బంధువుల గృహప్రవేశం, సాయంత్రానికి చేరాలి. అంటే గువ్వలచెరువు ఘాటు ఎక్కి దిగాలి. దిక్కులేని కార్లవాళ్లం ఇద్దరం ఒకచోట చేరినందుకు చుట్టాల్లాగా మాట్లాడుకున్నాం.

సాయిబు నా చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని, గోడకు తగిలించిన రేకు బిళ్లలు ఒక్కొక్కటే తీసి రంధ్రాల మీద పెట్టి చూశాడు. ఒక్కో బిళ్లకు నాలుగు మేకులున్నాయి. మూడో బిళ్ల టక్కున కూర్చుంది. ఆయన తలెత్తి అటక మీదికి కేకేశాడు.

"ఖాజా, ఈ సారుకి రెండు తక్కువ."

తర్వాత ఓబుళరెడ్డి కారు వైపు చూసి, "ఆ రెడ్డికి గూడా రెండు తక్కువే. ఇద్దరికీ ఒగటే జబ్బు" అన్నాడు. పైన ఖాజా నవ్వాడు.

నట్టు లూజు అనే మాట మనందరికీ తెలిసిందే. బోల్టుల కొట్లో కూర్చుని ఒకడు నాకు రెండు తక్కువంటే నాకు ఇంకో అర్థం తట్టలేదు. ఎవరికి తక్కువని అడిగాను.

"నీకే సారూ. నీది మామూలుది కాదు. శానా కొద్దిమందికి ఉంటాది."

జేబులోంచి కాగితం తీసి, వంద, నేనే కొలిచానన్నాను. ఆయన కాగితం వైపు చూడనైనా లేదు.

"నూరుండేటోళ్లు నాకాడికి యాల వస్తారు? యా కొట్టుకైనా పోతారు."

అప్పటికి నా చెవులు కారం దోసెతో ఒకసారి, కోపంతో ఒకసారి మండి ఉన్నాయి. ఇరవై రెండేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, నన్ను పిచ్చివాణ్ణి చేసి తుక్కు అంటగట్టాలని చూస్తున్నారా, నువ్వు మోసగాడివి అన్నాను. టీ కొట్టాయన, ఇద్దరు లారీవాళ్లు చూస్తున్నారు. గఫార్ సాయిబు నా చక్రాన్ని ఒళ్లోంచి దించి కింద పెట్టాడు. నేను ఓబుళరెడ్డి చెయ్యి పట్టుకుని, లెక్కలు తెలిసినవాణ్ణి చెప్తున్నాను, రండి అన్నాను. ఆయన ఒక్క క్షణం సాయిబును చూశాడు, తర్వాత నా కాగితాన్ని చూశాడు, లేచాడు.

ఊళ్లోకి పోయి, అద్దాల తలుపులతో మెరిసే చక్రాల కొట్టు ఒకటి పట్టుకున్నాం. వంద కావాలన్నాను, వంద ఇచ్చాడు. తళతళలాడే చక్రాలు, జత తొమ్మిది వేలు. నా కారు ఇంటి దగ్గర ఉంది కాబట్టి నా జత సంచిలో పడింది. ఓబుళరెడ్డి జత అక్కడే బిగించారు. రెండు బోల్టులు లోపలికి పోయాయి, మిగతా రెండూ మొరాయించాయి. ఆ మెకానిక్కు స్పానరుకు పొడుగాటి పైపు తగిలించి దాని మీద ఎక్కి నిలబడ్డాడు. ఓబుళరెడ్డి నావైపు చూశాడు. "కొత్తవి కదా, మొదట్లో బిగుతుగానే ఉంటాయి" అన్నాను. ఆ మాట నేనన్నదే. కొట్టువాడు అనలేదు, మెకానిక్కు అనలేదు.

ఆయన రాయచోటి దారి పట్టాడు, నేను కర్నూలు బస్సు. బస్సులో కూర్చుని చేసిన మొదటి పని, ఫోను మ్యాపులో గఫార్ సాయిబు కొట్టు వెతికి ఒక్క చుక్క రేటింగు ఇచ్చి, "పొగరు, పోవద్దు" అని రాయడం.

మైదుకూరు

మైదుకూరులో బస్సు ఆగింది. నా ముందు సీటాయన ఊరగాయకు నిమ్మకాయలు బేరమాడాడు. వంద కాయలకు బేరం కుదిరింది. నిమ్మకాయలమ్మే ఆమె కిటికీ కింద నిలబడి ఐదేసి లెక్కపెట్టి సంచిలో వేసి, గంప అడుగు చూపించింది.

"రెండు తక్కువ నూరుండాయన్నా. ఇంతే. ఆ రెండిటికి దుడ్డు తగ్గించి ఇయ్యి."

రెండు తక్కువ నూరు.

మా నాయనమ్మ కూడా అలాగే లెక్కపెట్టేది. నూరు చేరువైతే తొంభైలు పలికేది కాదు. నూరు దగ్గర నిలబడి వెనక్కి చూసేది. సాయిబు కొట్లో నూరు మామూలు కొలత. మిగతావన్నీ దానికి ఇంత తక్కువ, ఇంత ఎక్కువ. ఆయన నా బుర్ర గురించి మాట్లాడలేదు. నా చక్రం గురించి, నేను ఇంట్లో కొలిచి నమ్మని ఆ తొంభై ఎనిమిది గురించి మాట్లాడాడు.

సంచి విప్పి పాత చక్రం మీద కొత్తది పెట్టి, నిమ్మకాయలామె గంపలోంచి ఒక పుల్ల తీసుకుని రంధ్రాల్లో దూర్చాను. ఒకవైపు దిగింది. ఎదుటి రంధ్రంలో సన్నటి నెలవంకంత లోహం అడ్డం. పుల్ల దిగదు. బోల్టు దిగాలంటే పైపు మీద మనిషి ఎక్కాలి. అలా బిగిసింది ఎంతసేపు బిగిసి ఉంటుందో, ఘాటు మలుపుల్లో ఏమవుతుందో నాకు చెప్పేవాళ్లు అక్కర్లేదు.

ఓబుళరెడ్డి నంబరు నా దగ్గర లేదు. అద్దాల కొట్టు బిల్లు మీద నంబరుకు చేస్తే, కస్టమర్ల నంబర్లు రాసుకునే అలవాటు లేదన్నారు. మిగిలింది ఒక్కటే. మ్యాపులో, నేను ఒక్క చుక్క ఇచ్చిన చోట, నా రాతకు సరిగ్గా పైన గఫార్ సాయిబు నంబరుంది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. బస్సు హారను కొట్టింది. మూడు చక్రాలతో కిందికి దిగిపోయాను. నా టికెట్టు కర్నూలు దాకా ఉందని కండక్టరు అరుస్తున్నాడు. మూడోసారి ఎత్తాడు.

కర్నూలు సారునన్నాను. ఆ రెడ్డిగారు రాయచోటి పోతున్నారు, చక్రాలు తప్పు, ఎలాగైనా ఆపాలి, మీకు ఆ దారిలో ఎవరైనా తెలుసా అని ఒక్క గుక్కలో అడిగాను.

"ఈడనే ఉండాడు" అన్నాడు గఫార్ సాయిబు. "బొరుగులు తింటాండాడు. నువ్వు మెల్లగా రా."

మళ్లీ కడప

జరిగింది ఖాజా చెప్పాడు. రాయచోటి దారి వాళ్ల కొట్టు ముందుగానే పోతుంది. కారు దూరంగా వస్తుంటేనే చక్రం ఊగడం చూసి, మామ లేచి రోడ్డు మధ్యకు పోయి చేతులు చాపి నిలబడ్డాడట. ఓబుళరెడ్డి హారను కొట్టాడట. పక్కకు తప్పుకోలేదట. విప్పి చూస్తే అప్పటికే ఒక బోల్టు సగం వదులైంది.

నేను షెడ్డులోకి పోయేసరికి అందరూ ఉన్నారు. లారీవాళ్లూ వెళ్లలేదు, వాళ్లకు వినోదం దొరికింది. వాళ్ల ముందే, పొద్దున్న అన్నంత గట్టిగానే చెప్పాను. ఈయన చెప్పింది కొలత, నేను తిట్టనుకున్నాను. ఇంట్లో నేను కొలిచినప్పుడు కూడా తొంభై ఎనిమిదే వచ్చింది, నమ్మక వంద రాశాను. మోసగాడనే మాట నాది, అది తప్పు. ఆ తర్వాత ఓబుళరెడ్డి వైపు, కారులో ఉన్న ఆమె వైపు తిరిగి ఇంకోసారి చెప్పాను. ఆమె బొరుగుల పొట్లం నావైపు చాపింది.

గఫార్ సాయిబు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పొద్దున నేను చక్రానికి అంటి సారూ. నువ్వు పోయినంక మనిషికి గూడా అనుకుంటి."

లారీవాళ్లు తొడలు చరుచుకున్నారు. నేనూ నవ్వాను, వేరే దారి లేదు. నేను అన్ని మాటలన్నాక కూడా ఎందుకు రోడ్డు మధ్యకు పోయారని అడిగితే ఆయనకు ప్రశ్నే అర్థం కాలేదు.

"అనింది నువ్వు. పోతాండేది ఆయప్ప."

రెండు తక్కువ నూరులో ఆయన దగ్గర ఉన్నది ఒక్కటే జత. ఖాజా దాన్ని పొద్దున్నే దించి పెట్టాడట. ముందు వచ్చింది కర్నూలు సారు, వరస ఆయనదే అన్నాడు సాయిబు. ఓబుళరెడ్డి గడియారం చూసుకున్నాడు. ఇంకో జత ఎప్పుడని అడిగాను. పది పన్నెండు రోజులు పట్టొచ్చన్నాడు. పది పన్నెండు రోజులంటే వనజకు అన్ని ఆరు గంటల బస్సులు. చక్రాలు ఆమె కారువి. వాటిని ఇచ్చేసి మంచివాడి పేరు తెచ్చుకునే హక్కు నాకు లేదు. పక్కకు పోయి ఫోన్ చేసి అంతా చెప్పాను, మొదటి నుంచి, పెళ్లి ఫొటోతో సహా. ఫొటో సంగతి అంతవరకూ ఆమెకు చెప్పలేదు.



"ఆయన భార్య కారులోనే ఉందా?" అంది.

ఉందన్నాను.

"అయితే నన్నడుగుతారేం. వాళ్లకే బిగించమనండి."

బిగించారు. ఈసారి పైపు అక్కర్లేకపోయింది, బోల్టులు వేళ్లతోనే సగం దిగాయి. అద్దాల కొట్టువాడు నా జతను మారు మాట్లాడకుండా వెనక్కి తీసుకున్నాడు. బోల్టులు కొరికిన ఓబుళరెడ్డి జతను వద్దన్నాడు. అది నేను కొనుక్కున్నాను. మ్యాపులో రాసింది తీసేసి, ఆ చోట జరిగినది జరిగినట్టు రాశాను. గఫార్ సాయిబుకు చదివి వినిపిస్తే, నాకెందుకివన్నీ, టీ తాగు అన్నాడు.

కోడుమూరు బస్సు

ఇంటికి వచ్చిన మర్నాడు ఐదున్నరకే లేచి, వనజతో పాటు బస్సు స్టాపుకు నడిచాను. ఎందుకన్నది. చక్రాలు వచ్చేదాకా నేనూ వస్తాను, బడి దగ్గర దించి నా క్లాసుకు తిరిగి వస్తానన్నాను. దించడానికి నేనేమన్నా నర్సరీ పిల్లనా అంది. వద్దని మాత్రం అనలేదు.

బస్సులో ఆమెకో ప్రపంచం ఉందని నాకు తెలియదు. డ్రైవరు వెనక సీటు ఆమె కోసం ఒక పూలామె ఆపిపెట్టింది. ఆ పూలామె నన్ను పైనుంచి కిందికి చూసి, "ఈయప్పేనా?" అని అడిగింది. వనజ అవునంది. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడుకోలేదు, మాట్లాడుకోవలసినదంతా ఆ వారంలో అయిపోయినట్టుంది.

నేను నిలబడ్డాను. వనజ సంచిలోంచి మూడో తరగతి పిల్లల లెక్కల పుస్తకాలు తీసి దిద్దడం మొదలుపెట్టింది. ఆరు గంటల బస్సు ఎక్కుతున్నప్పటి నుంచి ఇంట్లో సమయం చాలక ఇక్కడే దిద్దుతోందట. రెండో స్టాపులో ఆమె పక్క సీటు ఖాళీ అయింది. కూర్చుని, సగం నాకివ్వమన్నాను. లెక్కలే కదా.

సగం పుస్తకాలు ఇచ్చింది. ఎర్ర పెన్ను కోసం చెయ్యి చాపాను. ఆమె దానికి మూత పెట్టి తన జడలో గుచ్చుకుని, సంచి అడుగు నుంచి ఒక పెన్సిలు వెతికి ఇచ్చింది.

"మీరు దీంతో పెట్టండి. నేను చూసి ఇంకుతో పెడతా."

పదకొండు రోజులు పెన్సిలుతోనే దిద్దాను.